అమరుడి ఇంటి చిరునామా

సూరత్ రింగ్ రోడ్డు మీద బట్టల మార్కెట్లు తెరిచే వేళకి చీరల మూటలెత్తుకున్న టెంపోలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ కదులుతుంటాయి. లింబాయత్, ఉధనా వైపు వెళ్తే మరమగ్గాల మోతకు పక్కనున్న మనిషి మాట వినపడదు. రాత్రీ పగలూ తేడా తెలియని ఈ ఊళ్ళో ఒక ప్రైవేటు సెక్యూరిటీ గార్డు, డ్యూటీలో కాస్త తీరిక చిక్కగానే పోస్టుకార్డు తీస్తాడు. అర్ధ రూపాయి కార్డు. దాని మీద హిందీలో నాలుగు ముక్కలు రాస్తాడు. ఆ కార్డు అందుకునేవాళ్ళు అతనికి చుట్టాలు కారు, ఒకప్పుడు తెలిసినవాళ్ళూ కారు. ఎక్కడో సరిహద్దులో ప్రాణం వదిలిన జవాను తల్లో, తండ్రో, భార్యో. మీ బిడ్డను మేం మరచిపోలేదు, మీరంతా ఎలా ఉన్నారు అన్నదే ప్రతి కార్డులోనూ సారాంశం.

రాజస్థాన్ నుంచి బతుకుతెరువు వెతుక్కుంటూ వచ్చిన మనిషి. సైన్యంలో చేరాలని వెళ్ళి కొలతల దగ్గర తప్పాడు. 1999లో కార్గిల్ యుద్ధం వచ్చినప్పుడు మొదలుపెట్టిన కార్డులు ఇప్పటికి వేలు దాటాయి. టీవీలూ పత్రికలూ ఆయన గురించి చాలాసార్లు చెప్పాయి. అయితే అందరూ కార్డుల సంఖ్య చూసి ఆశ్చర్యపోతారు గానీ, ఆ పనిలో అసలు కష్టం వేరే చోట ఉంది. కార్డు రాయడానికి ముందు చిరునామా కావాలి. వార్తలో జవాను పేరు ఉంటుంది, జిల్లా ఉంటుంది. ఊరు, పోస్టాఫీసు, తండ్రి పేరు ఉండవు. అవి ఒక్కొక్కటీ వెతికి పట్టుకుని, పుస్తకంలో రాసుకుని, ఏళ్ళ తరబడి పదిలపరచాలి.

సైనికుణ్ణి గుర్తుంచుకోవడమంటే అతని ఇంటిని గుర్తుంచుకోవడమని ఈ గార్డు లెక్క. నాకూ అదే సరైన లెక్క అనిపిస్తుంది. 2025లో ఆపరేషన్ సిందూర్ తర్వాత మన ఊళ్ళలో ఫ్లెక్సీలు లేచాయి, విగ్రహాల హామీలు వినిపించాయి. ఆ ఊపు తగ్గాక ఆ ఇళ్ళ సంగతి ఎవరు చూస్తున్నారు? ఈ ప్రశ్నకు జవాబు వెతికితే దారి గుజరాత్ నుంచి గోదావరి జిల్లాకూ, అక్కడి నుంచి రాయలసీమ తండాకూ సాగింది.

వలసల ఊరు, కార్గిల్ ఏడాది

సూరత్ వలస వచ్చినవాళ్ళతో నిండిన నగరం. ప్రపంచంలో సానపట్టే వజ్రాల్లో పదింట తొమ్మిది ఇక్కడి చేతుల మీదుగానే వెళ్తాయంటారు. ఆ చేతుల్లో ఎక్కువ సౌరాష్ట్ర నుంచి వచ్చినవి. మరమగ్గాల మీద ఒడియావాళ్ళు, ఉత్తరాదివాళ్ళు, మహారాష్ట్రవాళ్ళు, వాళ్ళతో పాటు మనవాళ్ళు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల పద్మశాలి కుటుంబాలు సాంచాల, అంటే మరమగ్గాల, పని కోసం షోలాపూర్, భివండీలకు వెళ్ళినట్టే సూరత్‌కూ వచ్చాయి. నగరపాలక సంస్థ నడిపే బడుల్లో గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా మాధ్యమాలతో పాటు తెలుగు మాధ్యమమూ ఉందంటే ఆ వలస ఎంత పాతదో, ఎంత గట్టిదో తెలుస్తుంది. పండక్కో పెళ్ళికో ఊరెళ్ళాలంటే నవజీవన్ ఎక్స్‌ప్రెస్. సూరత్‌లో ఎక్కితే వరంగల్‌లో దిగవచ్చు.

కార్గిల్ రోజుల్లో ఈ నగరంలోని వ్యాపారులు, సామాజిక సంఘాలవాళ్ళు కలిసి జై జవాన్ నాగరిక్ సమితి పెట్టుకున్నారు. విరాళాలు పోగుచేసి అమరుల కుటుంబాలకు అందించడం దాని పని. అప్పుడు దేశమంతా అలాంటి కమిటీలు పుట్టాయి, యుద్ధం ముగియగానే చాలావరకు మూతపడ్డాయి. ఇది మిగిలింది. 2017 డిసెంబరులో మొరారి బాపు సూరత్‌లో చెప్పిన రామకథ ఉద్దేశం కూడా జవాన్ల కుటుంబాలకు నిధి సమకూర్చడమే. సొంత పొలం, సొంత ఇల్లు వదిలి వచ్చి స్థిరపడ్డవాళ్ళకు ఇంటికి దూరంగా ఉన్న మనిషి బాధ వేరేవాళ్ళు చెప్పనక్కర్లేదు. బహుశా అందుకే సూరత్‌లో ఈ పని నిలబడింది.

కాని వలస నగరానికి ఒక ఇబ్బంది ఉంది. ఇక్కడ ఎవరి అమరుడు ఎవరికీ పక్కింటివాడు కాడు. అతని ఇల్లు వేరే రాష్ట్రంలో ఉంటుంది. అలాంటప్పుడు డబ్బు ఇవ్వగలరు, సభ పెట్టగలరు, కార్డు రాయగలరు. తల్లి గుమ్మం దాకా వెళ్ళి కూర్చోవడం మాత్రం సొంత ఊరికే సాధ్యం.

తంతి వచ్చిందంటే

ఇవాళ జాతీయ జెండా కప్పిన పేటిక ఊరికి చేరడం, వేలమంది వెంట నడవడం, గాలిలోకి కాల్పులు, మంత్రుల రాక మనకు ఎప్పటి నుంచో ఉన్న ఆచారంలా కనిపిస్తుంది. నిజానికి ఇది కార్గిల్‌తో వచ్చిన మార్పు. 1962, 1965, 1971 యుద్ధాల్లో చనిపోయిన జవాన్లలో ఎక్కువమందికి అంత్యక్రియలు యుద్ధభూమి దగ్గరే జరిగిపోయాయి. ఇంటికొచ్చేది తంతి. దాని తర్వాత కొన్ని వారాలకో నెలలకో సామాను సర్దిన నల్ల ట్రంకు పెట్టె.

సైనికుడి చిరునామా కూడా అంతే. 56 ఏపీఓ, 99 ఏపీఓ అని ఉంటుంది తప్ప ఊరూ పేరూ ఉండదు. ఉత్తరం రాసేవాళ్ళకు కొడుకు కాశ్మీరులో ఉన్నాడో అస్సాంలో ఉన్నాడో తెలిసేది కాదు. తిరుగు ఉత్తరం వచ్చిందంటే ఉన్నాడని అర్థం. మూడు వారాలు రాకపోతే ఇల్లంతా నిద్ర మానేసేది. గుమ్మంలో తంతి మనిషి నిలబడితే కాగితం విప్పకముందే ఏడుపు మొదలయ్యేది. చదివి చెప్పడానికి ఊరి బడి పంతులు రావాల్సి వచ్చేది. శవం లేని చావుకు కర్మ ఎలా చేయాలో, భార్య గాజులు ఎప్పుడు తీయాలో తెలియక, తిరిగి వస్తాడేమోనని ఏళ్ళ తరబడి ఎదురుచూసిన ఇళ్ళు ఈ దేశంలో చాలా ఉన్నాయి. ఆ తరం అమరులకు ఫ్లెక్సీ లేదు, విగ్రహం లేదు, కొన్నిచోట్ల ఫొటో కూడా లేదు.

1999లో ఈ స్థితి మారింది. 527 మంది సైనికులు ఆ యుద్ధంలో చనిపోయారు. భౌతికకాయాలను సొంత ఊళ్ళకు పంపారు. ఇళ్ళల్లో టీవీలు ఉన్నాయి. ప్రతి పేటిక వెనకా ఒక ఊరు, ఒక అమ్మ కనిపించారు. హైదరాబాదుకు చెందిన మేజర్ పద్మపాణి ఆచార్య రెండో రాజ్‌పుతానా రైఫిల్స్‌లో పనిచేస్తూ జూన్ 28న ద్రాస్ ప్రాంతంలో కన్నుమూశారు. మహావీరచక్ర ఇచ్చారు. అంతకు కొద్ది రోజుల ముందు తండ్రికి ఆయన రాసిన ఉత్తరం తర్వాత పత్రికల్లో వచ్చింది. గర్భవతి అయిన తన భార్యకు రోజుకో మహాభారత కథ చెప్పమనీ, అలా చేస్తే పుట్టబోయే బిడ్డకు మంచి విలువలు అబ్బుతాయనీ అందులో కోరారు. యుద్ధం మధ్యలో నుంచి ఇంటికి చెప్పిన పని అది. ఆ బిడ్డ ఆయన పోయాక పుట్టింది. ఆ ఉత్తరం గురించి విన్న ఏ తెలుగు ఇంట్లోనైనా కార్గిల్ దూరపు మంచుకొండ అనిపించుకోలేదు.

> పల్నాటి వీరులకు ఏటా ఐదు రోజులు
>
> యుద్ధంలో పోయినవాళ్ళను ఒక చిన్న సమాజం ఎంతకాలం గుర్తుంచుకోగలదు? కారంపూడి జవాబు ఎనిమిది వందల ఏళ్ళకు పైమాటే. 12వ శతాబ్దపు పల్నాటి యుద్ధంలో చనిపోయిన వీరుల కోసం కార్తీక మాసంలో అమావాస్య నుంచి అక్కడ ఉత్సవాలు జరుగుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని ఐదు రోజులకు ఐదు పేర్లు. వీరాచారవంతులు తమ ఇళ్ళల్లో తరతరాలుగా పూజించే ఆయుధాలను, కొణతాలను, పట్టుకుని వస్తారు. నాగులేరులో స్నానం చేయించి వీర్ల గుడికి తీసుకెళ్తారు. బ్రహ్మనాయుడి చాపకూడును తలచుకుంటూ కులాల తేడా లేకుండా కలిసి భోంచేస్తారు.
>
> అంతకంటే పాతవి నాగార్జునకొండలో దొరికిన ఛాయాస్తంభాలు. ఇక్ష్వాకుల కాలానివి, అంటే క్రీ.శ. మూడు, నాలుగో శతాబ్దాలవి. చనిపోయిన సైనికులు, సేనానుల పేర్లు వాటి మీద చెక్కారు.

ఇంటింటా సైనికుడున్న మాధవరం

పశ్చిమ గోదావరి జిల్లా తాడేపల్లిగూడెం మండలంలో ఒక మాధవరం ఉంది. చుట్టుపక్కల ఎవరూ దాన్ని ఉత్త మాధవరం అనరు. మిలటరీ మాధవరం అంటేనే బస్సు కండక్టరుకైనా ఆటో అబ్బాయికైనా తెలుస్తుంది. దాదాపు ప్రతి ఇంటి నుంచీ కనీసం ఒకరు సైన్యంలో పనిచేశారన్నది ఆ ఊరి ఖ్యాతి.

ఊరివాళ్ళు చెప్పుకునే కథ 17వ శతాబ్దంలో మొదలవుతుంది. పూసపాటి మాధవవర్మ దగ్గర్లోని ఆరుగొలనులో కోట కట్టి, కాపలాకు శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచీ ఒడిశా ప్రాంతం నుంచీ సైనికులను రప్పించాడట. వాళ్ళకు ఇచ్చిన భూముల్లో వెలిసిన ఊరికి ఆయన పేరే నిలిచింది. కోటలు పోయాయి, రాజులు పోయారు, వృత్తి మాత్రం మిగిలింది. బ్రిటిష్ కాలంలో మద్రాసు సైన్యానికి, స్వాతంత్ర్యం తర్వాత భారత సైన్యానికి. మొదటి ప్రపంచ యుద్ధానికి 90 మంది, రెండో దానికి 1,110 మంది వెళ్ళారని ఊరి లెక్క. ఒక్క పల్లె నుంచి! సుబేదార్ వెంపల్లి వెంకటాచలానికి వచ్చిన బిరుదుల గురించి, రావుబహదూర్‌తో పాటు పాల్కీ సాహెబ్ అన్న గౌరవం గురించి ఇప్పటికీ అక్కడ చెప్పుకుంటారు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో తాడేపల్లిగూడెం దగ్గర విమానాలు దిగే రన్‌వే కూడా వేశారు. అంటే యుద్ధం ఈ మనుషుల్ని తీసుకుపోవడమే కాదు, వాళ్ళ గట్ల దాకా వచ్చింది.

ఊళ్ళో అమర జవాన్లకు స్మారకం ఉంది. బయటివాళ్ళు వచ్చినప్పుడు మొదట అదే చూపిస్తారు, ఫొటోలు అక్కడే తీసుకుంటారు. నాకు మాత్రం అంతకన్నా గొప్పగా అనిపించేది ఇలాంటి సైనిక పల్లెల్లో రోజువారీగా సాగిపోయే సంగతి. ఇళ్ళు ర్యాంకులతో గుర్తు. సుబేదారు గారిల్లు, హవల్దారు గారిల్లు, నాయక్ గారి వీధి. ఆ హవల్దారు గారు పోయి ముప్పై ఏళ్ళయినా మనవడి పెళ్ళి శుభలేఖ ఆ పేరుతోనే ఆ ఇంటికి చేరుతుంది. నట్టింట్లో దేవుడి పటాల పక్కన యూనిఫాంలో ఉన్న తాత ఫొటో, కింద తండ్రిది, ఆ కింద కొడుకుది. తెల్లవారకముందే చెరువు గట్టు మీద కుర్రాళ్ళు పరుగు తీస్తుంటే, పక్కన గడియారం చూస్తూ నిలబడే పెద్దాయన మాజీ సైనికుడు. ఒరేయ్ అబ్బాయ్, మొదటి రౌండులోనే ఊపిరంతా ఖర్చుపెట్టకు అని కేకేస్తాడు. పనికొచ్చే మనిషిగా చూడటం కన్నా ఒక మాజీ సైనికుడికి ఊరు చేయగల పెద్ద సన్మానం ఏముంటుంది? శాలువా కప్పే రోజు ఏడాదికి ఒకటో రెండో. కుర్రాళ్ళ పరుగు రోజూ ఉంటుంది.

మాధవరానికి ఉన్న ఈ బలం చాలా ఊళ్ళకు లేదు. ఒక ఇల్లు కష్టంలో పడితే ఆ కష్టం ఎలా ఉంటుందో చెప్పకుండానే తెలిసిన ఇళ్ళు చుట్టూ వందలున్నాయి. పింఛను కాగితం ఎక్కడ ఇవ్వాలి, ఏ సంతకం తక్కువైంది, సైనిక సంక్షేమ కార్యాలయంలో ఎవర్ని అడగాలి అన్నది అరుగు మీదే తేలిపోతుంది. జిల్లాకొక్క జవాను పోయిన చోట ఆ భార్య ఒంటరిగా ఆఫీసుల చుట్టూ తిరగాలి.

పేర్లు లేని పలకలు

మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత బ్రిటిష్ ప్రభుత్వం ఈ దేశంలో చాలా పల్లెల్లో చిన్న పాలరాతి పలకలు పెట్టించింది. ఈ ఊరి నుంచి ఇంతమంది మహాయుద్ధానికి వెళ్ళారు, వారిలో ఇంతమంది ప్రాణాలిచ్చారు అని వాటి మీద ఉంటుంది. గుడి గోడల్లోనో చావిడి గోడల్లోనో ఇప్పటికీ కొన్ని కనిపిస్తాయి. అంకెలున్నాయి, పేర్లు లేవు.

అదే కాలంలో ఫ్రాన్సులో దాదాపు ప్రతి చిన్న ఊరూ తన రాతిస్తంభం నిలుపుకుని, చనిపోయిన ప్రతి ఒక్కరి పేరునూ చెక్కించుకుంది. ఆ దేశంలో ఇప్పటికీ నవంబరు 11న ఊరి పిల్లలు ఆ స్తంభం దగ్గర చేరతారు. అంతే కాదు, ఫ్రాన్సులోని న్యూవ్ షాపెల్‌లో 1927లో ప్రారంభించిన స్మారకం మీద మన భారతీయ సైనికుల పేర్లు 4,700కు పైగా ఉన్నాయి. వాళ్ళు పుట్టిన పల్లెలో అంకెగా మిగిలారు, చనిపోయిన పరాయి పల్లెలో పేరుగా నిలిచారు. వందేళ్ళ తర్వాత చూసినా ఇది బాధ పెట్టే సంగతే.

అంకెకు ఇల్లుండదు. మనవళ్ళు వెతుక్కోవడానికి అందులో ఏమీ దొరకదు. ఆ పలకలున్న ఊళ్ళలో ఎవరా మనుషులు అని అడిగితే ఇవాళ జవాబు చెప్పేవాళ్ళు అరుదు. చెప్పగలిగిన చివరి ముసలివాళ్ళు వెళ్ళిపోయారు. వీళ్ళ పేర్లు కూడగట్టడానికి అప్పుడు ఒక్క పూట, ఒక్క కాగితం చాలేవి.

> రాతి మీదికెక్కిన పేర్లు
>
> ఢిల్లీలోని ఇండియా గేట్ 1931లో ప్రారంభమైంది. మొదటి ప్రపంచ యుద్ధంలో 13 లక్షలకు పైగా భారతీయులు పనిచేస్తే, 74 వేలమంది దాకా తిరిగి రాలేదు. గేటు మీద చెక్కినవి 13 వేలకు పైగా పేర్లే.
>
> స్వతంత్ర భారత సైనికుల కోసం ప్రత్యేకంగా కట్టిన జాతీయ యుద్ధ స్మారకం 2019 ఫిబ్రవరి 25న ప్రారంభమైంది. ఆ రోజుకు గోడల మీద 25,942 పేర్లున్నాయి. 2022 జనవరి 21న ఇండియా గేట్ దగ్గరి అమర్ జవాన్ జ్యోతిని ఇక్కడి జ్యోతిలో కలిపారు.
>
> విశాఖ బీచ్ రోడ్డులో 1971 యుద్ధానికి గుర్తుగా విక్టరీ ఎట్ సీ స్మారకం, సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్‌లో వీరుల సైనిక స్మారకం ఉన్నాయి.

కల్లితండా

శ్రీసత్యసాయి జిల్లా గోరంట్ల మండలంలో కల్లితండా ఉంది. వాన చాలని నేల. కూలి కోసం ముంబయి వెళ్ళే కుటుంబాలు ఆ ప్రాంతంలో చాలా. మురళీనాయక్ అమ్మానాన్నలూ అలాగే ముంబయిలో కష్టపడి కొడుకుని చదివించారు. ఒక్కగానొక్క కొడుకు అగ్నివీర్‌గా, అంటే నాలుగేళ్ళ అగ్నిపథ్ పథకం కింద, సైన్యంలో చేరాడు. 2025 మేలో ఆపరేషన్ సిందూర్ నడుస్తుండగా నియంత్రణ రేఖ వెంట పాకిస్తాన్ జరిపిన కాల్పుల్లో 9వ తేదీ తెల్లవారేలోపు అతను చనిపోయాడు.

మే 11న అంత్యక్రియలు. ఆ చిన్న తండాకు రాష్ట్రమంతా కదిలి వచ్చినట్టయింది. ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్, మంత్రి నారా లోకేశ్ వచ్చారు. ప్రభుత్వం 50 లక్షల రూపాయలు, ఐదెకరాల భూమి, 300 గజాల ఇంటి స్థలం, తండ్రికి ఉద్యోగం ప్రకటించింది. తండాకు అతని పేరు పెడతామన్న మాటా వచ్చింది. ఇదంతా తక్కువేమీ కాదు. 1971లో తంతితో సరిపెట్టుకున్న తల్లులను తలచుకుంటే ఎంత దూరం వచ్చామో తెలుస్తుంది.

అయితే అగ్నివీర్ కుటుంబానికి మామూలు జవాను కుటుంబానికి వచ్చే జీవితకాల పింఛను రాదు. 48 లక్షల బీమా, విధుల్లో మరణిస్తే 44 లక్షల పరిహారం, సేవా నిధి వంటివి ఒకసారి ఇచ్చే సొమ్ములు ఉన్నాయి. ఒకే బంకరులో పక్కపక్కన నిలబడిన ఇద్దరిలో ఒకరి తల్లికి నెలనెలా పింఛను, ఇంకొకరి తల్లికి లేదు. మురళి తల్లి ఈ తేడాను ప్రశ్నిస్తూ బొంబాయి హైకోర్టుకు వెళ్ళారు. కూలి పనికి వెళ్ళిన నగరంలోనే న్యాయస్థానం మెట్లెక్కాల్సి వచ్చింది. ఆవిడ అడిగేది తన ఒక్కరి కోసమే అనుకోకూడదు. అగ్నిపథ్‌లో పిల్లల్ని పంపిన ప్రతి తండా, ప్రతి వాడా ఆ తీర్పు కోసం చూడాల్సిందే.

మన పల్లెల్లో సైన్యానికి వెళ్ళేది ఎవరో దాచుకోవాల్సిన పని లేదు. ఎకరం అరెకరం ఉన్నవాళ్ళు, కూలి చేసుకునేవాళ్ళు, వలస వెళ్ళినవాళ్ళ పిల్లలు. దేశభక్తి వాళ్ళకు తక్కువని కాదు, ఎవరికన్నా ఎక్కువే. దాంతో పాటు నికరమైన జీతం, అమ్మానాన్నలకు వైద్యం, చెల్లి పెళ్ళి కూడా ఆ పరుగు పందెంలో ఉంటాయి. ఆ ఆశలతో సహా చూసినప్పుడే ఆ కుర్రాడి త్యాగం పూర్తి బరువు తెలుస్తుంది.

విగ్రహం పెట్టిన మర్నాడు

సూర్యాపేట తన బిడ్డను గౌరవించిన తీరు ఈమధ్య కాలంలో చెప్పుకోదగ్గది. కల్నల్ బిక్కుమళ్ళ సంతోష్‌బాబు 16వ బిహార్ రెజిమెంటు కమాండింగ్ అధికారిగా 2020 జూన్ 15న గల్వాన్ లోయలో అమరుడయ్యారు. మరుసటి ఏడాది గణతంత్ర దినానికి మహావీరచక్ర ప్రకటించారు. తెలంగాణ ప్రభుత్వం కుటుంబానికి ఐదు కోట్ల రూపాయలు, ఇంటి స్థలం, భార్యకు డిప్యూటీ కలెక్టర్ ఉద్యోగం ఇచ్చింది. సరిగ్గా ఏడాదికి పట్టణం నడిబొడ్డున కోర్టు చౌరస్తాలో తొమ్మిదడుగుల కాంస్య విగ్రహం నిలిచింది. బడికెళ్ళే పిల్లలు రోజూ ఆ విగ్రహం పక్క నుంచే వెళ్తారు.

విగ్రహాలు వద్దనే మాట నేను అనను. ఊరి మధ్యన ఒక మంచి మనిషి రూపం ఉండాలి. కానీ విగ్రహం మర్నాటి నుంచి మొదలయ్యే కాలం చాలా పొడుగు. వర్ధంతి రోజు తప్ప మిగతా 364 రోజుల్లో ఆ వృద్ధ తల్లిదండ్రులను ఆస్పత్రికి ఎవరు తీసుకెళ్తారు, పిల్లవాడికి ఈఏపీసెట్ కోచింగ్ ఎక్కడ, ఇస్తామన్న పొలానికి పాసుపుస్తకం చేతికొచ్చిందా అన్నవి ఏ శిలాఫలకం మీదా ఉండవు. ఇక్కడే ఊరు కావాలి.

ప్రాణాలతో తిరిగి వచ్చినవాళ్ళ సంగతి మనం ఇంకా తక్కువ పట్టించుకుంటాం. అగ్నిపథ్‌కు ముందు సిపాయిగా చేరినవాడు పదిహేను, పదిహేడేళ్ళ సర్వీసు ముగించి నలభై నిండకుండానే ఇంటికొస్తాడు. పిల్లల చదువులు అప్పుడే మొదలు. మన బ్యాంకు గుమ్మంలో తుపాకీ పట్టుకుని నిలబడే గార్డు, ఏటీఎం దగ్గర రాత్రంతా మేలుకుని ఉండే మనిషి చాలాసార్లు అలాంటి మాజీ సైనికుడే. అతను సియాచిన్‌లో ఉన్నాడో, శ్రీలంకలో శాంతి సేనలో పనిచేశాడో రోజూ తలుపు తీయించుకుని లోపలికి వెళ్ళే మనకు తెలియదు. అడగం కాబట్టి. ఒకే ర్యాంకు, ఒకే పింఛను కోసం ముసలి సైనికులు ఢిల్లీ జంతర్ మంతర్‌లో నెలల తరబడి కూర్చోవాల్సి వచ్చింది. 2015లో ప్రభుత్వం దాన్ని ప్రకటించింది.

> డిసెంబరు 7
>
> 1949 నుంచి ఏటా ఈ రోజును సాయుధ దళాల పతాక దినంగా జరుపుతున్నారు. చిన్న జెండా గుచ్చి డబ్బాలో వేయించుకునే విరాళాలు యుద్ధ వితంతువులు, గాయపడ్డ సైనికులు, మాజీ సైనికుల కుటుంబాల కోసం. జిల్లా స్థాయిలో సైనిక సంక్షేమ కార్యాలయాలు ఉంటాయి. మాజీ సైనికుల పేర్లు, వాళ్ళ మీద ఆధారపడినవాళ్ళ వివరాలు నమోదయ్యేది అక్కడే. 2003లో మొదలైన ఈసీహెచ్‌ఎస్ పథకం కింద మాజీ సైనికులకు, వాళ్ళ కుటుంబాలకు వైద్యం అందుతుంది.

నాలుగేళ్ళు నిండిన కుర్రాళ్ళు

2022 జూన్ 14న అగ్నిపథ్ ప్రకటించారు. ఆ డిసెంబరులో, 2023 జనవరిలో శిక్షణకు చేరిన మొదటి బ్యాచ్‌కు 2026 చివర, 2027 మొదట్లో నాలుగేళ్ళు నిండుతాయి. నూటికి 25 మంది దాకా సైన్యంలో కొనసాగుతారు. మిగతావాళ్ళు సేవా నిధి కింద సుమారు 11.71 లక్షల రూపాయలు తీసుకుని ఇళ్ళకు వస్తారు. ఇరవై రెండు, ఇరవై ఐదేళ్ళ వయసు. వాళ్ళలో సరిహద్దు కాల్పుల మధ్య నిలబడి వచ్చినవాళ్ళూ ఉంటారు.

ప్రస్తుత నిబంధనల ప్రకారం వీళ్ళకు మాజీ సైనికుడన్న హోదా లేదు. ఈసీహెచ్‌ఎస్ లేదు, క్యాంటీన్ కార్డు లేదు. మాజీ సైనికుల జాబితాలో వీళ్ళ పేరు ఎక్కదు. మాధవరం లాంటి ఊళ్ళో ఇది కొత్త రకం చిక్కు. అక్కడ తాత మాజీ సైనికుడు, తండ్రి మాజీ సైనికుడు, యుద్ధం చూసి వచ్చిన మనవడు మాత్రం కాగితాల్లో ఏమీ కాడు.

ప్రభుత్వ పుస్తకంలో ఏం రాయాలో కోర్టులూ పార్లమెంటూ తేలుస్తాయి. ఊరి పుస్తకంలో రాసుకోవద్దని ఏ నిబంధనా లేదు. గ్రామసభలో ఒక తీర్మానం చేసి, సైన్యంలో పనిచేసి వచ్చిన ప్రతి ఒక్కరి పేరు, రెజిమెంటు, చేరిన ఏడాది, వచ్చిన ఏడాది, అమ్మానాన్నల పేర్లు, ఇంటి నంబరు రాయించవచ్చు. పోయినవాళ్ళ పేర్లు ముందు రాయాలి. 1962, 1971 నాటి ఇళ్ళలో సంగతులు చెప్పగల పెద్దవాళ్ళు ఇంకా కొందరున్నారు, వాళ్ళ దగ్గరికి ఈ ఎండాకాలం సెలవుల్లోనే బడి పిల్లల్ని పంపాలి. వలస వెళ్ళిన కుటుంబాల సంగతి సూరత్, భివండీ, షోలాపూర్, ముంబయి తెలుగు సంఘాలు చూసుకోగలవు. కుల సంఘాల పుస్తకాల్లో పెళ్ళిళ్ళకూ చందాలకూ పేజీలున్నాయి. సైన్యానికి వెళ్ళిన పిల్లల కోసం ఒక పేజీ, ఊళ్ళో చిరునామా ఒకటి, నగరంలో చిరునామా ఒకటి కలిపి రాస్తే చాలు. మొదటి బ్యాచ్ కుర్రాళ్ళు పెట్టె సర్దుకుని రైలు దిగేలోపు ఈ పని మొదలు కావాలి.